ఎవరి కంటా పడని సాయం

దేవికి జడ వేసి, చుడీదార్ వెనక జిప్పు లాగి, చున్నీ జారకుండా రెండు భుజాల దగ్గరా పిన్నీసులు పెట్టింది ధనలక్ష్మి. పద్దెనిమిది నిండిన కూతురికి ఇవన్నీ ఆమె ఎవరి కంటా పడకుండానే చేస్తుంది. నెలనెలా ప్యాడ్ మార్చడమూ అంతే. బయటికొచ్చేసరికి పిల్ల కడిగిన ముత్యంలా ఉంటుంది. "ఏటి లోటు దీనికి?" అంటారు చూసినవాళ్లు. ఆ మాట కోసమే ఇన్నేళ్లూ పాకులాడింది. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది.

ముందుగదిలో ఆడపడుచు చిలకమ్మ కూర్చుని ఉంది, తన కొడుకు నరేష్‌కి దేవిని ఖాయం చేసుకుందామని. మేనరికం, బయటివాళ్లు కాదు కదా అని అత్త అసిరమ్మ మురిసిపోతోంది. "సిన్నప్పుడే డాక్టరు మైల్డన్నాడు గదే. పెల్లయితే అదే సర్దుకుంటాది" అంటుంది, మైల్డంటే ఏదో ఒళ్లు వెచ్చబడ్డమైనట్టు. మొన్న పరీక్షించిన సైకాలజిస్టు మాత్రం దేవి బుద్ధిమాంద్యం మైల్డ్ కాదు, అంతకంటే ఎక్కువే, మోడరేట్ అంది. తెలివి మార్కులొక్కటే చూడరట, రోజు గడవడానికి పిల్లకి ఎంత సాయం కావాలో దాన్నిబట్టే స్థాయి చెబుతారట. ఆ మాట మొగుడు వరహాలుకి చెబితే, "నువ్వే అతిగా సేసి సెడగొట్టావు" అనేసి ఆ రోజు పోర్టు డ్యూటీకి వెళ్లిపోయాడు; ఇవాళ మాత్రం సెలవు పెట్టి ముందుగదిలో కూర్చున్నాడు. అతిగానట! తను చెయ్యకపోతే ఎవరు చేసేవాళ్లు?

నరేష్ చెడ్డవాడని కాదు. అయినా ధనలక్ష్మికి చచ్చేంత భయంగా ఉంది. ఎవరు చెయ్యి పట్టుకుని రమ్మన్నా దేవి నవ్వుతూ వెళ్లిపోతుంది. వద్దనడం రాదు. నొప్పి ఎక్కడో చెప్పడమూ రాదు.

"అమ్మా, పెల్లంటే లడ్డూలా?" అంది దేవి.

"ఏటే ఇంకా? గుంటని పంపు!" ముందుగదిలోంచి అసిరమ్మ కేకేసింది.

ఇలా పంపితే ఖాయమైపోతుంది. జడ విప్పేసి, చున్నీ లాగేసి పంపితే? ధనలక్ష్మి చెయ్యి జడ దాకా వెళ్లి ఆగిపోయింది. నలుగురిలో బిడ్డని నవ్వులపాలు చెయ్యడానికి మనసొప్పలేదు. దేవిని మంచం మీద కూర్చోబెట్టి, తనే బయటికొచ్చింది.

"పిల్లేదే?" అంది చిలకమ్మ.

"రాదు వదినా." ధనలక్ష్మి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తానం నానే సేయిత్తాను. జడ నానే ఏత్తాను. ముట్టయితే నానే కడుగుతాను..."

"నోర్ముయ్! సిగ్గు నేదేటి?" వరహాలు చెయ్యెత్తి లేచాడు.

ధనలక్ష్మి గోడకి అతుక్కుపోయింది. నోరు మాత్రం ఆపలేదు.

"ఇన్నాల్లూ మీరు మైల్డన్నది నా సేతి పనిని. రేపు నీ కొడుకు దాన్ని లోపలికి తీసుకెల్లి తలుపేసుకుంటే, ఆ గదిలో నానుండను గదా వదినా!"