మెడకి సూది

నేను వడ్డిస్తున్నాను. వడ్డించేటప్పుడు నాకు చెవులు తప్ప నోరు ఉండదు. పన్నెండేళ్ళ మా అమ్మాయి, ఫోన్లోకి బడి నుంచి వచ్చిన కబురు చదివి మా భాషలో చెబుతోంది. ఈ ఊళ్ళో మా భాషవాళ్ళం గుప్పెడు మందిమి. ఊరి భాష మా ఆయనకి పని వరకూ, నాకు సంతకం వరకూ వచ్చు. అత్తయ్యకి అసలు రాదు.

"వచ్చే వారం ఆసుపత్రిలో ఆడపిల్లలకి సూది వేస్తారట. మెడకి క్యాన్సర్ రాకుండా."

"మన వంశంలో మెడలు గట్టివేలే," అన్నారు మా ఆయన.

"మెడ వంచని ఆడవాళ్ళకి వస్తుందేమో," అన్నారు అత్తయ్య, నావైపు చూడకుండానే. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మాయి మాత్రం తలొంచుకుని కంచంలో వేలితో గీతలు గీసింది.

మర్నాడు నేను పనిచేసే హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ, పక్క బల్ల దగ్గరుండే మా భాషావిడని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి తన ఫోన్లో ఎవరిదో గొంతు వినిపించింది. "ఆ సూది వేస్తే పిల్లలు పుట్టరు. మనవాళ్ళు పెరగకూడదనే ఇదంతా."

"మెడకీ కడుపుకీ ఏం సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడివేస్తున్నారు," అన్నాను.

"మెడ అని నీకెవరు చెప్పారు?" అంది.

అప్పుడు భయం వేసింది. వట్టి పుకారని కొట్టిపారేద్దును. కానీ అమ్మాయి పుట్టినప్పుడు ఈ ఊరి ఆసుపత్రిలో కాన్పు బల్ల మీద నన్ను ఎవరో ఏదో అడిగారు, నేను తలూపాను. అర్థం కాకపోతే తలూపడం నాకు ఇంట్లో పడ్డ అలవాటే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి "ఒక్క కాన్పుకే ఎండిపోయింది" అని అత్తయ్య అంటుంటే పడ్డాను. చివరికి ఇంకో డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది, లోపల పిల్లలు పుట్టకుండా పెట్టే లూప్ ఉందని. మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే "ఎందుకు తలూపావు?" అంటారు. నా కూతురి ఒంట్లోకి ఏం వెళ్తుందో తెలియకుండా ఈసారి ఎలా తలూపను?

సాయంత్రం వంటింట్లో అమ్మాయిని నిలదీశాను. దాని చెవులు ఎర్రబడ్డాయి.

"గర్భసంచి మెడ అని ఉందమ్మా. నాన్న ముందు గర్భసంచి అని ఎలా అనను?"

ఆ సిగ్గు దానికి నేర్పింది నేనే.

పొద్దున్నే పని మానేసి ఆసుపత్రికి వెళ్ళాను. నా వచ్చీరాని మాటలు విని, మాట మార్చి చెప్పడానికి అమ్మాయిని వెంటబెట్టుకు రమ్మంది నర్సు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ఎవరికో ఫోన్ కలిపి బల్లమీద పెట్టింది. మా భాషలో మగగొంతు.

"చెప్పండమ్మా, అటూ ఇటూ నేను మార్చి చెబుతాను."

మా ఆయనకి తెలిసినవాడైతే? లేచి పారిపోదామనిపించింది. కళ్ళు మూసుకుని అడిగాను. "ఆ సూదితో నా బిడ్డకి పిల్లలు పుట్టకుండా పోతారా?"

పోరట. చెయ్యి నొప్పెడుతుందట, కొందరికి కళ్ళు తిరుగుతాయట, అందుకే కాసేపు కూర్చోబెడతారట. "సూది తప్ప ఇంకేమీ పెట్టరు కదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాను.

"చేతికి సూదమ్మా. అంతే."

"మరి ఆ జబ్బు వస్తే ఎలా తెలుస్తుంది?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ముట్లు ఆగిపోయినవాళ్ళకి కూడా మళ్ళీ రక్తం కనపడొచ్చట."

ముట్లు ఆగిపోయిన వయసులో మా అమ్మ ఎవరూ లేవకముందే గుడ్డలు ఉతుక్కునేది. ఏమిటమ్మా అంటే "వేడి చేసింది" అనేది. పోయినప్పుడు కూడా అందరూ వేడి చేసిందనే అన్నారు.

ఆ రాత్రి మళ్ళీ వడ్డిస్తున్నాను.

"ఆ మెడ సూది వద్దని చెప్పేశావా?" అడిగారు మా ఆయన.

నాకు భయం పోలేదు. మళ్ళీ అదే ఆసుపత్రి, మళ్ళీ ఏదో బల్ల, ఈసారి నా బిడ్డ.

"వేయిస్తున్నాను. అది మెడకి కాదు. గర్భసంచి మెడకి."

"మగాళ్ళు తింటుంటే ఆ మాటలేమిటే?" అన్నారు అత్తయ్య.

అమ్మాయి కంచంలోంచి తలెత్తి నావైపు చూసింది.

"ఆ మాట అనలేకే మా అమ్మ చచ్చిపోయింది, అత్తయ్యా."