గాలి మోటారు స్విచ్చి

ట్యాంకు గాజు కిటికీకి ముక్కు ఆనించి కొత్త కోడలు బుడగల్ని చూసి మురిసిపోతోంది. లోపల బెల్లం మడ్డి తాగి ఈస్టు పెరుగుతోంది. దాన్ని ఎండబెడితే పశువులకి మాంసకృత్తుల మేత. పెళ్లయిన నెలకే మొగుడూ పెళ్లామూ కలిసి దూడల పాకలో ఈ ఫెర్మెంటర్ ట్యాంకు పెట్టుకున్నారు. పాక మాత్రం బావగారిది.

"ఈ ఒక్క విడత చూస్తా. చెడిందా, ట్యాంకు పాత సామాన్ల వాడికే," అని ఆయన ముందే తేల్చేశాడు.

మొగుడు ఇంకాస్త మడ్డి తేవడానికి వెళ్లాడో లేదో, ట్యాంకులో నురగ లేచింది. బుసబుసమంటూ పై గొట్టం దాకా ఎగబాకింది.

బావగారు విసురుగా వచ్చి ట్యాంకులోకి గాలి కొట్టే మోటారు ఆపేశాడు. నురగ దిగింది.

"చూశావా? నీ చదువుకి తట్టలేదు."

"అయ్యో! గాలి లేకపోతే అది మేత కాదు బావగారూ, సారా అవుతుంది!"

ఆమె స్విచ్చి వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. తమ్ముడి పెళ్లాన్ని చెయ్యి పట్టి లాగలేడు కదా, ఆయన పళ్లు నూరాడు.

"జరుగు."

"జరగను."

నురగ మళ్లీ లేస్తోంది. కాచి చల్లార్చిన నూనె సీసా అవతలి గూట్లో ఉంది. నాలుగు చుక్కలు పడితే నురగ అణుగుతుంది. కానీ తను కదిలితే ఆయన మోటారు ఆపేస్తాడు.

"ఏమేవ్! ఈ మహాతల్లిని అవతలికి లాగు!"

తోడికోడలు పేడ చేతులతో వచ్చింది. ఈ పిల్ల నవ్వు చూస్తేనే ఆమెకి ఒళ్లు మంట.

"అక్కా, గూట్లో నూనె ఉంది. పై గరాటులో నాలుగు చుక్కలు వెయ్యవూ! నీ కాళ్లు పట్టుకుంటా."

"అటు వెళ్లావంటే ఊరుకోను," అన్నాడు బావగారు.

తోడికోడలు నురగ వంక చూసింది, నేల వంక చూసింది.

"పొంగితే ఈ జిడ్డంతా కడిగేదెవరు? మీరా?"

చేతులు కొంగుకి తుడుచుకుని నూనె వేసింది. నురగ ఉస్సూరుమని కూలబడింది. మోటారు తిరుగుతూనే ఉంది.

"బతికించావక్కా!"

"నీ మొహం! నీ కోసమేం కాదు. ఆ ఇకిలింపు ఆపు."

"ఇద్దరూ ఒకటయ్యారన్నమాట," అంటూ బావగారు తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోయాడు.

"విడత చెడలేదు బావగారూ!" కొత్త కోడలు తలుపు వైపు కేకేసింది. "మాటంటే మాటే!"



తోడికోడలు సీసాని స్విచ్చి పక్కన ఠక్కున పెట్టింది.

"బుద్ధుంటే ఇక్కడ పెట్టుకో."