ఏ చేత్తో చూడాలి

పులుసు కోసం రేణు చింతపండు పిసుకుతుంటే ఫోన్ మోగింది. ఫోన్ ముందు గదిలో లోకేష్ మోచేతి పక్కనే ఉంది. "నీదే, చూడు" అన్నాడతను, ల్యాప్‌టాప్ మీంచి కళ్ళెత్తకుండా. ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి అది ఆగిపోయింది.

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఆ మొగుడూపెళ్ళాలిద్దరిదీ ఒకే ఆసుపత్రుల సంస్థలో ఉద్యోగం. ఏ రోగి మంచం మీంచి పడిపోయే ప్రమాదం ఉందో ముందే చెప్పే ఏఐని లోకేష్ టీమ్ తయారుచేసింది. అంచనాలు బాగానే ఉన్నాయి, కానీ నర్సులు దాని అలారం పట్టించుకోరు. ట్రైనింగులు పెట్టారు, పోస్టర్లు అంటించారు. మార్పంటే వాళ్ళకి భయమని లోకేష్ తేల్చేశాడు. రేణుది ఆ ఏఐకి ఇచ్చే డేటా సరిచేసే పని. "మా ఆవిడ కూరలు తరిగి ఇస్తుంది, వంట మేం చేస్తాం" అని అతను పార్టీల్లో అంటే అందరూ నవ్వేవారు. వడ్డిస్తూ ఆమే నవ్వేది.

ఆ సాయంత్రం తుండుతో చేతులు తుడుచుకుంటూ ఆమె ఆలోచనలో పడింది. అలారం మోగే వేళకి నర్సుల చేతులు ఎక్కడుంటాయి?

మర్నాడు వార్డుకి వెళ్ళింది. డెనీస్ అనే పెద్ద నర్సు ఒక ముసలాయనకి వీపు తుడుస్తోంది. జేబులోని ఫోన్‌లో ఏఐ అలారం మోగి మోగి ఆగింది. దాన్ని మీరు చూడరా అని అడిగింది రేణు.

"ఒక చెయ్యి ఆయన్ని పట్టుకుంది, రెండోది తడి. ఏ చేత్తో చూడమంటావ్, హనీ?"

రేణుకి నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళు మండాయి. డెనీస్ పక్కనున్న వెచ్చటి తువ్వాలొకటి తీసి ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ తన పనిలో పడింది.

డ్యూటీ మారేటప్పుడు వచ్చే నర్సూ వెళ్ళే నర్సూ మంచం దగ్గర నిలబడి రోగి సంగతులు అప్పగించుకుంటారు. రేణు అలారం తీయించి, ఏఐ చెప్పేదాన్ని ఆ మాటల్లో ఒక్క వాక్యంగా చేర్పించింది. అది వాళ్ళ నోట్లో పలికే మాటయ్యేదాకా వారాల తరబడి వాళ్ళ పక్కన కూర్చుంది. పడిపోయేవాళ్ళు తగ్గారు. పైవాళ్ళ మీటింగులో లోకేష్, "మేం నర్సుల వర్క్‌ఫ్లో మీద ఫోకస్ చేశాం" అన్నాడు. ఇంటికొచ్చి, నీ ఐడియా కూడా హెల్ప్ అయిందన్నాడు. అంతమాత్రానికే ఆమె ఆ రాత్రి పాయసం చేసింది.

ఈ పద్ధతిని మిగతా ఆసుపత్రులకి తీసుకెళ్ళడానికి, ముందుండి నడిపే లీడ్ ఒకరు కావాలన్నారు పైవాళ్ళు. పెళ్ళయ్యాక రేణు తనకోసం ఆశపడిన మొదటి సంగతి అదే. లోకేష్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. చూద్దాంలే అన్నాడు.

తర్వాతి వారం లిఫ్ట్‌లో డైరెక్టర్ మార్గరెట్ ఆమె భుజం మీద చెయ్యివేసింది. "నువ్వు వద్దన్నావని తెలిసి బాధేసింది. పాపని వదిలి తిరగడం నీకిష్టం లేదని లోకేష్ చెప్పాడు. అందుకే అతని పేరు పంపాం."

ఇంటికెళ్ళి అడిగితే అతను తడబడలేదు. "నీ కోసమే చెప్పాను రేణూ. ఎవరికీ నో చెప్పలేవు కదా నువ్వు."

పదవి ఒక్కటే పోయుంటే ఆమె ఏడ్చి ఊరుకునేది. పాప హాసిని పుట్టినప్పుడు ఉద్యోగం మానేసి, మళ్ళీ చేరి, తన జంకులన్నీ పక్క మీద పడుకుని ఇతనికే చెప్పుకుంది, మరొకరికి తెలియనివ్వకూడదనుకున్నవన్నీ. వాటితోనే ఆమెని పక్కకి తప్పించాడు. ఆమె అంటే ఏమిటో అంత బాగా తెలిసినవాడు ఈ లోకంలో ఇతనొక్కడే. తెలియనివాడైతే ఇంత సులువుగా చేయగలిగేవాడు కాదు.

పొద్దున్నే మార్గరెట్ గదికి వెళ్ళింది. "నేను వద్దనలేదు. నన్నెవరూ అడగలేదు."

లీడ్ పేరు ఇక మారదని మార్గరెట్ చెప్పింది. రిచ్‌మండ్ ఆసుపత్రిలో మాత్రం నర్సులతో కూర్చునే మనిషి కావాలి, కొన్ని నెలలు అక్కడే ఉండాలి. "ఇంట్లో మాట్లాడుకుని చెప్పు."

"వెళ్తాను" అంది రేణు.

పార్కింగ్‌లో కారెక్కి తలుపు వేసుకున్నాక ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళూ మంచైనా చెడైనా ముందు లోకేష్‌కి చెప్పాలని ప్రాణం కొట్టుకునేది. ఇవాళ ఫోన్ చేతిలోనే ఉంది, చెప్పాలని అనిపించలేదు.