కాఫీకి సరిపోని వాల్వు

కొత్త పంపు బిగించిన ఏడాదిలోనే, నీళ్ళు కారకుండా దాని లోపల ఉండే రబ్బరు సీళ్ళు మూడోసారి కాలిపోయేసరికి టోవెకి ఓపిక నశించింది. పడమటి యుట్లాండ్‌లో ఆమెకి రెండు వేల పందులున్నాయి. ఆ పంపుతో కొట్టం కడిగే పని క్రెస్టెన్‌ది. అరవై రెండేళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. "ఈసారి కాలిందంటే క్రెస్టెన్ ఇంకో పని వెతుక్కోవాల్సిందే," అని ఆమె పంపుల మెకానిక్ ఆస్గెర్‌కి ఫోనులో చెప్పింది. క్రెస్టెన్ పక్కనే ఉన్నాడు. ఆమె గొంతేమీ తగ్గించలేదు.

ఆ పంపుకి వాల్వు ఎంచింది ఆస్గెరే. వాల్వులు ఎంచడంలో అతనికి తిరుగులేదని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టుకున్నది కూడా చాలావరకు తనే. రెండొందల బార్ ప్రెషరు, నిమిషానికి పదిహేను లీటర్లు, రెండూ చూసుకునే ఎంచాడు. గొట్టం చివర నీళ్ళు చిమ్మే గన్ను మూస్తే నీటికి బయటికి దారుండదు గనక, ఈ వాల్వు దాన్ని మళ్ళీ పంపులోకే తిప్పుతుంది. ఆ కాసిని నీళ్ళే తిరిగి తిరిగి వేడెక్కుతాయి. ఐదు నిమిషాలైతే పరవాలేదు. అప్పట్లో తన వివరాల కాగితంలో 'గన్ను ఎంతసేపు మూసి ఉంచుతారు?' అన్న గడిలో టోవె చెప్పినట్టే 'ఐదు నిమిషాలు, కాఫీకి' అని రాసుకున్నాడు.

కొత్త సీళ్ళు వేసి, క్రెస్టెన్ ఏం తప్పు చేస్తున్నాడో కళ్ళారా చూద్దామని నిలబడ్డాడు. క్రెస్టెన్ ఏ తప్పూ చేయలేదు. తొమ్మిదిన్నరకి టోవె వంటింటి కిటికీ తెరిచింది.

"కాఫీ! ఐదు నిమిషాలే! ఆస్గెర్, నువ్వూ రా!"

క్రెస్టెన్ గన్ను మూశాడు. పంపు నడుస్తూనే ఉంది.

"ఆపవా?" అన్నాడు ఆస్గెర్.

"ఐదు నిమిషాలే అంది కదా. ఆపి వెళ్తే, కేకు కోసం తిష్ట వేయడానికొచ్చాడనుకోదూ?"

ఆస్గెర్‌దీ ఆ ప్రాంతమే. తనైనా ఆపి ఉండేవాడు కాదు.

మొదటి కప్పు ఆరు నిమిషాల్లో అయింది. ఆస్గెర్ లేవబోయేసరికి టోవె రెండో కప్పు పోస్తోంది. పోస్తుండగా లేచి వెళ్ళేంత మర్యాద తెలియని మనిషి ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఆమె పక్కింటావిడ మోకాలి ఆపరేషన్ గురించి చెప్పింది. తర్వాత రెండో మోకాలి గురించి చెప్పింది. ఆపిల్ కేకు వచ్చింది. క్రెస్టెన్ కిటికీ వైపు, ఆస్గెర్ గడియారం వైపు చూస్తూ తిన్నారు. నలభై మూడో నిమిషంలో పంపు కీచుమంది.

"చూశావా?" అంది టోవె. "మళ్ళీ ఆపకుండా వచ్చాడు. ఇక నా వల్ల కాదు."

క్రెస్టెన్ కప్పు కింద పెట్టాడు. అది చూసి ఆస్గెర్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. మూడుసార్లూ మనసులో ఇతన్నే తిట్టుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి, 'ఐదు' కొట్టేసి, 'నలభై మూడు' అని రాసి ఆమె ముందుకి జరిపాడు.

"తప్పు ఇతనిది కాదు టోవె గారూ, వాల్వుది. దాన్ని ఎంచింది నేను. మీ కాఫీకి అది సరిపోదు. నీళ్ళు పెద్ద తొట్టిలోకి తిరిగొచ్చే రకం కావాలి. రేపు తెచ్చి బిగిస్తాను."

టోవె చెవులు ఎర్రబడ్డాయి. "నలభై మూడా?"

"మోకాళ్ళు రెండు కదండీ."

ఆమె క్రెస్టెన్ వైపు తిరిగింది. "రోజూ ఇంతసేపు కూర్చోబెడుతున్నానా? ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

"మీరు మాట్లాడుతున్నారు కదండీ," అన్నాడు క్రెస్టెన్. "ఇప్పుడు వెళ్ళి ఆపనా?"

"ఆపు. పని మానేయమన్న మాట మర్చిపో. అటునుంచి అటే నీ పని చూసుకో, నేనేం అనుకోను."

బయట చప్పుడు ఆగింది. టోవె ఎవరి మొహమూ చూడకుండా కప్పులు తీయసాగింది. ఇంతలో గుమ్మం దగ్గర బూట్లు విప్పుతున్న అలికిడి. క్రెస్టెన్ వచ్చి తన కుర్చీలో కూర్చుని, కప్పు మళ్ళీ తన ముందుకి లాక్కున్నాడు.

"పంపు ఆపేశానండీ," అన్నాడు. "ఇప్పుడు నిదానంగా చెప్పండి."