చిరగని టికెట్టు

మా మిల్వాకీ చర్చి నేలమాళిగలో నెలకోసారి సంత పెడతారు. అక్కడ నేను పాత బేస్‌బాల్ టికెట్లు పరుచుకుని కూర్చుంటాను. నాకు చూపించడానికి తెచ్చేవాళ్ళలో సగం మంది వాటికి టేపు అంటించి మరీ తెస్తారు. ఆ చేతులు విరగ్గొట్టాలనిపిస్తుంది.

నా స్నేహితురాలు బెర్నీస్ తెచ్చిన టికెట్టు మాత్రం నిన్న అచ్చువేసినట్టుంది. ఆమె ముఖమే కళ తప్పి ఉంది.

"లొరెయిన్, దీన్ని వాడారా లేదా? అదొక్కటీ చెప్పు చాలు."

"గేటు దగ్గర సగం చింపి ఇస్తారు కదే. ఇది నిండు టికెట్టు. దీంతో ఎవరూ లోపలికి వెళ్ళలేదు. అందుకే గిరాకీ."

"గిరాకీ మొహం!" అంటూ కుర్చీలో కూలబడింది. "మా కాజిమిర్ పాత కోటు జేబులో దొరికింది. మనవాళ్ళు ఆఖరి దెబ్బతో గెలిచిన ఆట ఒకటుందే, అది కళ్ళారా చూశానని పెళ్ళైనప్పట్నించీ ఊదరగొడుతున్నాడు. ఇది దాని టికెట్టే అయితే, ఆటకే వెళ్ళనివాడు ఆ రోజు ఎవత్తె దగ్గరికి పోయినట్టు? వారం నుంచి నాకు నిద్ర లేదు."

భూతద్దం పెట్టి చూశాను. ఆ టికెట్టు మీద తేదీ లేదు, ఆ ఏడాదిలో అది ఎన్నో ఆట అన్నది మాత్రమే ఉంది. నా దగ్గరున్న పాత ఆటల పట్టికతో పోల్చాను. కాజిమిర్ చెప్పే ఆటే. పందొమ్మిది వందల యాభై ఏడు జూన్, బుధవారం. మూలన ఉన్న సన్నటి అక్షరాలు చదివాక నవ్వు ఆగలేదు.

"ఒసేయ్, ఇది లేడీస్ డే టికెట్టు! ఆడవాళ్ళకి చవగ్గా ఇచ్చేవాళ్ళు. దీంతో మగాణ్ణి లోపలికి రానివ్వరు. మీ ఆయన తన టికెట్టుతో తను వెళ్ళి ఉంటాడు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే మళ్ళీ బిగుసుకుంది. "మరి ఇదెవరికి కొన్నాడు?"

అడిగిన మరుక్షణమే ఆమె మెడ ఎర్రబడింది.

"బుధవారం అన్నావా? మా పెళ్ళికి ముందు వేసవి... నాకే కొన్నాడే! ఆటకి రమ్మంటే తలనొప్పని, తగ్గితే వస్తానని ఫోన్లో చెప్పి, రేమండ్ అని ఇంకో కుర్రాడితో సరస్సుకి ఈతకి పోయాను. ఆ ఆటే ఈ ఆటని నాకేం తెలుసు!"

"ఓసి నీ దుంపతెగ!"

కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నా గుండెల మీంచీ బరువు దిగింది. కాజిమిర్‌నే అనుమానించాల్సి వస్తే ఇక మా పేటలో నమ్మడానికి మగాడు మిగలడు.

ఆయన హాలు అవతలి చివర సాసేజ్ తింటున్నాడు. బెర్నీస్ వెళ్ళి టికెట్టు పళ్ళెం పక్కన పెట్టింది. దానికి ఆవపిండి ముద్ద అంటుకుంటుందేమోనని నేనూ వెనకాలే పరిగెత్తాను.

"ఆ రోజు గేటు దగ్గర నాకోసం ఎంతసేపు నిలబడ్డావయ్యా?"

"గంటసేపు, మూడో ఇన్నింగ్స్ దాకా." కాజిమిర్ మూతి తుడుచుకుని టికెట్టు వంక చూశాడు, తర్వాత ఆమె వంక చూశాడు. "అవునూ, తలనొప్పి తగ్గిందా?"

బెర్నీస్ ఆయన భుజం మీద ఒక్కటి చరిచి, పక్కనే కూర్చుంది.

"ఇప్పుడే తగ్గింది," అంది.