పరగడుపు మాత్ర

రిపోర్టు చూసి డాక్టర్ ధనలక్ష్మి కళ్లజోడు సరిచేసుకుంది. మూడు నెలల కిందట అదుపులో ఉన్న థైరాయిడ్ కాస్తా ఇప్పుడు తొమ్మిది దాటింది. ఎదురు కుర్చీలో రేచల్ ముందుకు జరిగి కూర్చుంది. పెళ్లయిన ఆరేళ్లకి, ఇంకా ఐదు వారాల గర్భం. నిలుస్తుందో లేదోనని ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా పీల్చడం లేదు.

"మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నావు కదా?"

వేసుకుంటున్నాననే అంది రేచల్. పక్కన అత్తగారు జయమణి కూర్చుని ఉంటే ఇంకేమంటుంది పాపం.

జయమణి గయ్యాళి అయితే ఇంత చిక్కు ఉండేది కాదు. గాజువాకలో వాళ్ల చర్చి ఆడవాళ్లంతా ప్రార్థన కోసం ఆమె దగ్గరికే వస్తారు. ఏటా ఈస్టరుకి ముందు నలభై రోజులూ, కోడలి కడుపు పండాలని, సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. కోడల్నీ ఉపవాసం ఉండమంది. మొదటి రోజు తెల్లవారుజామున రేచల్ మాత్ర చేతిలోకి తీసుకునేసరికి, అత్తగారు మోకాళ్ల మీద ఏడుస్తూ కనిపించింది. ఇక నీళ్ల గ్లాసు ఎత్తడానికి మనసొప్పలేదు. మాత్ర సాయంత్రానికి మారింది, అన్నం తిని టీ తాగాక. మొహమాటం మనిషి చేత ఎంత పని చేయిస్తుందో చూడండి, ఇరవై ఏడు రోజులు అలాగే గడిచాయి.

డాక్టర్ పెన్ను తీసి డోసు రెట్టింపు రాయబోయి ఆగింది. ఈ మందు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే, అందుకే మళ్లీ అడుగుతున్నానంది.

రేచల్ ఇక దాచలేకపోయింది.

"సాయంత్రం ఏసుకుంతన్నాను మేడమ్. తిన్నాక. ఉపవాసం కదండి."

జయమణి కోడలి వైపు తిరిగింది. "నాకు సెప్పలేదేటమ్మా?"

"నా కోసవే ఏడుత్తన్నారు. ఎలా సెప్పీది అత్తా?"

డాక్టర్ కోప్పడలేదు. అన్నంతో, టీతో వేసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదని, ఉపవాసం ఇక వద్దని, రేపట్నుంచి లేవగానే వేసుకోవాలని చెప్పింది. చెబుతూనే పాత ఫైలు తిరగేసింది. ఒక పేజీ మీద వేలు ఆగింది. పోయిన ఏడాది మార్చిలో, ఇలాగే ఈస్టరుకి ముందు, రేచల్‌కి ఏడు వారాల గర్భం పోయింది.

"అప్పుడు కూడా ఉపవాసంలోనే ఉన్నావా?"

రేచల్ లేదనబోయింది. ఈ ఒక్క అబద్ధం ఆడితే అత్తగారు బతికినన్నాళ్లూ కుమిలిపోకుండా ఉంటుంది. నోరు తెరిచేలోపే జయమణి ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఉందమ్మా," అంది డాక్టరుతో. "నానే ఉండమన్నాను."