రెండో బండి

"కాలు విరిగితే విరిగిందిలే, చేతులు నిక్షేపంలా ఉన్నాయిగా" అంటూ అత్తగారు బఠాణీల బుట్ట తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళింది. ఉన్నమాటే. కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నా, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే మడతపెట్టాల్సిన బట్టలు మంచం మీదికి వచ్చాయి. ఆ తర్వాత వెల్లుల్లి, ఆ తర్వాత ఆడపడుచు పిల్లల చొక్కాల గుండీలు. "ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది వదినా, నీ మంచికే" అంది ఆడపడుచు. ఈ ఇంట్లో ఆమె మంచి కోరేవాళ్ళకు ఏనాడూ కొదవ లేదు.

ఆసుపత్రి నుంచి ఆమె వెంట ఒక పేరు కూడా ఇంటికి వచ్చింది. పరధ్యానం. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకూ భర్త అదే చెప్పాడు: "మా పరధ్యానం సంగతి మీకు తెలిసిందేగా, రోడ్డు మీద కూడా ఏదో ఆలోచిస్తూ నడుస్తుంది." వచ్చినవాళ్ళు అయ్యో అంటూనే, "చూసుకుని నడవాలమ్మా" అనేవాళ్ళు. ఆమె తల ఊపేది. అసలు ఆ రోజు ఆమె నడవనే లేదు. నిలబడి ఉంది.

ఆ రోజు బంధువుల ఇంటి నుంచి కారులో వస్తున్నారు. నడుపుతున్నది భర్త, పక్క సీట్లో అత్తగారు, వెనక ఆమె. "మలుపు దాటిపోయిందేమోనండీ" అంది. అంతే అంది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంతెన దిగిన చోట, బళ్ళు రయ్యిమని పోయే రోడ్డు నడిమధ్యన, డివైడరు పక్కన కారు ఆపాడు. "అంత తెలిసినదానివి దిగి నడు." అత్తగారు వెనక్కి తిరగకుండానే, "దిగవే కాసేపు. వాడిది పాలపొంగు, ఇట్టే చల్లారిపోతుంది" అంది.

దిగింది. కొత్తేం కాదు. ఆయన దించిన చోట దిగడం, ఓ చుట్టు తిరిగి కోపం తగ్గాక వస్తే మళ్ళీ ఎక్కడం, కాపురానికి వచ్చిన ఏడాదే అలవాటైంది. మార్కెట్టు ముందు దించాడు, వానలో దించాడు, కూతురు కడుపులో ఉండగా దించాడు. ఒకసారి ఎండకు తాళలేక పక్క షాపు నీడలోకి వెళ్ళి నిలబడితే, "నీ కోసం నేను ఊరంతా వెతుక్కోవాలా?" అని ఎన్నాళ్ళో మాట్లాడలేదు. అప్పటినుంచి దించిన చోటు నుంచి కదిలేది కాదు. ఆ రోజూ కదల్లేదు. ఎదురుగా ఫుట్‌పాత్ కనిపిస్తూనే ఉంది, బళ్ళు తెరిపి ఇస్తే దాటొచ్చు. కానీ దాటితే ఆయన వచ్చినప్పుడు కనిపించదు. అందుకని డివైడరును ఆనుకుని, వచ్చే ప్రతి తెల్ల కారులోకీ తొంగి చూస్తూ నిలబడింది. సామాన్లు చేరవేసే వ్యాను ఒకటి బస్సును దాటబోయి ఆమెను గుద్దింది. పరధ్యానమట! పుట్టి బుద్ధెరిగాక ఆమె రోడ్డును అంత ధ్యాసగా ఎప్పుడూ చూడలేదు.

ఆ వ్యాను డ్రైవరు ఆసుపత్రికి వచ్చి మంచం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తొందరపడ్డానమ్మా, తప్పు నాదే. కానీ మీరక్కడ ఎందుకు నిలబడ్డారమ్మా?" అన్నాడు. ఆమెను ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

కేసు గెలిచి డబ్బొస్తేనే రెండో ఆపరేషన్. లేకపోతే ఈ కాలు ఇక ఇంతే, జీవితమంతా ఈడ్చుకుంటూ తిరగాలి. లాయరమ్మ ఇంటికి వస్తుందనగా పొద్దున్నే భర్త పాఠం చెప్పాడు. "ఫుట్‌పాత్ మీద నిలబడితే వ్యాను పైకెక్కించేశాడు. ఇదొక్కటే చెప్పు. ఇంటి గుట్టు లంకకు చేటు, తెలుసుగా."

ఆమె చెప్పేసేదే. ఇన్నేళ్ళలో ఆయన చెప్పమన్న మాట చెప్పకుండా ఉన్నదెప్పుడు? కానీ నిన్న సాయంత్రం కూతురు స్కూలు నుంచి ఆలస్యంగా వచ్చింది. పదేళ్ళ పిల్ల, మొహం కందిపోయి ఉంది. "ఎదురు మాట్లాడానని నాన్న నన్ను దారిలో దించేశాడమ్మా" అంది. పిల్ల మాత్రం ఏదో మెప్పు ఆశిస్తున్నట్టు దగ్గరికొచ్చి చెప్పింది: "నేను ఏడవలేదు. నీలాగే అక్కడే నిలబడ్డా, నాన్న మళ్ళీ వచ్చేదాకా అస్సలు కదల్లేదు." రాత్రంతా ఆమెకు కాలు నొప్పి తెలియలేదు.

లాయరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎలా జరిగిందంటే భర్త చెప్పాడు. ఏ వైపు నుంచి వచ్చిందంటే ఆయనే చెప్పాడు. నొప్పి ఎలా ఉందన్నదానికీ ఆయనే అందుకుని, "పర్లేదండీ, ఓర్చుకుంటుంది" అన్నాడు.

"విరిగింది మీ కాలా అండీ?" అంది లాయరమ్మ.

ఆమె వైపు తిరిగి నిదానంగా వివరించింది. డ్రైవరు మీద పోలీసు కేసు వేరే నడుస్తుంది. పరిహారం కోసం బండి ఓనరు మీదా, ఇన్సూరెన్సు కంపెనీ మీదా మనం వేసుకోవాలి. రాజీ పడితే త్వరగా తేలుతుంది గానీ తక్కువొస్తుంది. "ఫుట్‌పాత్ మీద ఉన్నారంటున్నారు సరే, ఆ మాట కోర్టులో నిలిస్తే డ్రైవరు జైలుకు పోతాడు. అవతలివాళ్ళు మాత్రం మీరు నడిరోడ్డు మీద ఉన్నారంటారు. పక్కకెందుకు వెళ్ళలేదని నిలదీస్తారు. తప్పులో మీ వాటా ఎంతని తేలితే పరిహారంలో అంత కోసేస్తారు."

తిలాపాపం తలా పిడికెడు అనుకుంది ఆమె. డ్రైవరుకు ఇంత, ఓనరుకు ఇంత, తనకు ఇంత. పాపం పంచే చోట కూడా ఆయనకు విస్తరి వేయలేదు. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎన్నేళ్ళ కిందటో రావాల్సిన కోపం, దారి తప్పి ఇప్పటికి ఇల్లు చేరింది.

"ఆఖరి మాట" అంది లాయరమ్మ, కలం మూత పెట్టబోతూ. "ప్రమాదానికి కారణమైనవాళ్ళు ఎందరుంటే అందరి మీదా వేయొచ్చు. వ్యాను కాక ఇంకే బండికైనా ఇందులో సంబంధం ఉందా?"

"లేదండీ" అన్నాడు భర్త వెంటనే.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. గుమ్మం దగ్గర కూతురు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని, స్కూలుకు దింపడానికి నాన్న ఎప్పుడు లేస్తాడా అని చూస్తూ నిలబడి ఉంది. ఆమె ఒళ్ళోని బఠాణీల బుట్ట తీసి కింద పెట్టింది.

"ఉందండీ" అంది. "తెల్ల కారు. నేను ఫుట్‌పాత్ మీద లేను, అది నన్ను దించిన చోట ఉన్నాను. కింద వాకిట్లోనే ఉంది, వెళ్ళేటప్పుడు నంబరు చూసి రాసుకోండి."